శిక్ష తక్కువ పడిందనిపిస్తే బాధిత కుటుంబం పై కోర్టుకు వెళ్లవచ్చా?

ప్రశ్న: నాలుగేళ్ల క్రితం పొలం గట్టు తగాదాలో మా అన్నయ్యను పక్క పొలం అతను గొడ్డలితో నరికి చంపాడు. ముందు మాటా మాటా అనుకున్నారు. తర్వాత అతను ఇంటికి వెళ్లి గొడ్డలి తెచ్చి రెండు దెబ్బలు వేశాడు. పోలీసులు హత్య కేసు పెట్టారు. సెషన్స్ కోర్టు మాత్రం అది హత్య కాదని, ఐపీసీ సెక్షన్ 304 పార్ట్ 2 కింద నాలుగేళ్ల జైలు, పది వేల జరిమానా వేసింది. 14 నెలల రిమాండ్ కూడా అందులో తీసేస్తారట. వయసు 26, మొదటి తప్పు, ముసలి తల్లిదండ్రులు ఉన్నారు అని తీర్పులో రాశారు. తీర్పు వచ్చి 24 రోజులైంది. పబ్లిక్ ప్రాసిక్యూటర్ (పీపీ) గారు "ప్రభుత్వం చూసుకుంటుంది" అంటున్నారు. అమ్మ సరిగా తిండి కూడా తినడం లేదు. వదినకు ఐదేళ్ల బాబు. శిక్ష పెంచమని మేం పై కోర్టును అడగవచ్చా?

సమాధానం:

అమ్మా, మీరు 24 రోజులు అని రాశారు కాబట్టి ముందు గడువు సంగతి చెబుతాను. మీకు ఇంకా సమయం ఉంది, కానీ ఒక్క రోజు కూడా వృథా చేసేంత లేదు. రేపే కోర్టులో కాపీ అప్లికేషన్ పెట్టి తీర్పు సర్టిఫైడ్ కాపీ తీసుకోండి. ఫోన్‌లో డౌన్‌లోడ్ చేసుకున్న కాపీ చదువుకోవడానికి పనికొస్తుంది, అప్పీలుకు సర్టిఫైడ్ కాపీయే కావాలి. ఆ కాపీ తయారవడానికి పట్టే రోజులను గడువు లెక్కలోంచి మినహాయిస్తారు. కానీ మీరు అప్లికేషన్ పెట్టిన రోజు నుంచే ఆ మినహాయింపు మొదలవుతుంది. మిగతాది తర్వాత నిదానంగా చదవండి, ఈ పని మాత్రం ముందు చేయండి.

నేను పదకొండేళ్లు సెషన్స్ కోర్టులో ప్రభుత్వం తరఫున కేసులు నడిపాను. ఆ తర్వాత హైకోర్టులో సొంత ప్రాక్టీసు. ముద్దాయిల తరఫునా నిలబడ్డాను, చనిపోయినవాళ్ల కుటుంబాల తరఫునా నిలబడ్డాను. మీ లాంటి ప్రశ్న నాకు ఎన్నిసార్లు వచ్చిందో లెక్కలేదు. సూటిగా జవాబు చెప్పాలంటే, "శిక్ష చాలలేదు" అన్న ఒక్క కారణంతో బాధిత కుటుంబం సొంతంగా అప్పీలు వేయడానికి మన చట్టంలో దారి లేదు. కానీ మీ కేసులో మరో దారి ఉంది. మీరు శిక్ష ఎన్నేళ్లన్నదే చూస్తున్నారు, దాని పైన ఉన్న సెక్షన్ నంబరు చూడలేదు. నన్నడిగితే మీ కేసు తిరిగేది అక్కడే.

మొదట చట్టం ఏం చెబుతుందో చూద్దాం. క్రిమినల్ కేసుల విచారణ పద్ధతి చెప్పే పాత చట్టం సీఆర్‌పీసీ 372వ సెక్షన్‌కు 2009లో ఒక ప్రొవైజో, అంటే అదనపు నిబంధన, చేర్చారు. అప్పటిదాకా బాధితుడికి అప్పీలు హక్కే లేదు, అంతా ప్రభుత్వం చేతుల్లోనే ఉండేది. 2009 డిసెంబర్ 31 నుంచి బాధితులకు మూడు సందర్భాల్లో అప్పీలు హక్కు వచ్చింది. ముద్దాయిని నిర్దోషిగా వదిలేస్తే ఒకటి, తక్కువ నేరం కింద శిక్షిస్తే రెండు, పరిహారం చాలకపోతే మూడు. సీఆర్‌పీసీ స్థానంలో 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్‌లో ఇదే 413వ సెక్షన్. మాటలు దాదాపు అవే. ఆ మూడింట్లో "శిక్ష చాలలేదు" అన్న మాట ఎక్కడా లేదు.

కొడుకును పోగొట్టుకున్న ఒక తండ్రి ఢిల్లీ నుంచి సుప్రీంకోర్టు దాకా వెళ్లి ఇదే అడిగారు. కింది కోర్టు యావజ్జీవం వేసింది, ఆయన ఉరి కావాలన్నారు. 2020 ఆగస్టు 28న సుప్రీంకోర్టు, ఈ ప్రొవైజో కింద శిక్ష పెంచమని బాధితుడు అప్పీలు వేయలేడని తేల్చేసింది. 2010లో జాతీయ మహిళా కమిషన్ విషయంలోనూ కోర్టు ఇలాగే చెప్పింది. చట్టంలో ఉన్న మాట ప్రకారం అది సరైన తీర్పే. కానీ చట్టంలో ఆ మాట అలా ఉండటం నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. పరిహారంలో ఒక లక్ష తగ్గితే బాధితురాలు హక్కుగా హైకోర్టు తలుపు తట్టవచ్చు. శిక్షలో పదేళ్లు తగ్గితే తట్టకూడదు. డబ్బు విషయంలో ఇచ్చిన నమ్మకాన్ని న్యాయం విషయంలో ఎందుకు ఇవ్వలేదో ఒక తల్లికి నేను ఎలా వివరించాలి? 2023లో కొత్త చట్టం రాసినప్పుడు దీన్ని సరిచేసే అవకాశం వచ్చింది. సరిచేయలేదు.

శిక్ష చాలలేదని అప్పీలు వేసే హక్కు ప్రభుత్వానిది. సీఆర్‌పీసీలో 377, బీఎన్‌ఎస్‌ఎస్‌లో 418. రాష్ట్ర ప్రభుత్వం ఆదేశిస్తే పబ్లిక్ ప్రాసిక్యూటర్ అప్పీలు వేస్తారు. సీబీఐ లాంటి కేంద్ర సంస్థ దర్యాప్తు చేసిన కేసైతే కేంద్రం కూడా ఆదేశించవచ్చు. మేజిస్ట్రేట్ వేసిన శిక్షపై సెషన్స్ కోర్టుకు, సెషన్స్ కోర్టు వేసిన శిక్షపై హైకోర్టుకు వెళ్తారు. గడువులు చెప్పే లిమిటేషన్ చట్టం ప్రకారం హైకోర్టుకైతే 60 రోజులు, సెషన్స్ కోర్టుకైతే 30 రోజులు. మీది సెషన్స్ కోర్టు తీర్పు కాబట్టి 60.

"ప్రభుత్వం చూసుకుంటుంది" అని పీపీ గారు అన్నారు కదా. ఆయన అబద్ధం చెప్పారని నేను అనను. కానీ ఆ మాట నమ్మి ఇంట్లో కూర్చోవద్దు. ఆ ఫైలు ఎలా నడుస్తుందో నాకు తెలుసు. కేసు నడిపిన పీపీ అభిప్రాయం రాయాలి. అది ప్రాసిక్యూషన్ల డైరెక్టరేట్‌కు, అక్కడి నుంచి హోం శాఖకు వెళ్లాలి. హోం శాఖ ఆదేశం ఇస్తే అది హైకోర్టు పీపీ ఆఫీసుకు రావాలి. అప్పుడు అప్పీలు తయారవుతుంది. ప్రతి చోటా ఎవరో ఒకరు సెలవులో ఉంటారు, ఏదో ఒక కాగితం తక్కువ ఉంటుంది. నేను నడిపిన ఒక కేసులో భర్తను కోల్పోయిన ఆవిడ నా మాట మీదే ఆధారపడింది. నా అభిప్రాయం పది రోజుల్లో పంపాను. ఫైలు రెండు ఆఫీసుల మధ్య నలిగి ఏడు నెలల తర్వాత హైకోర్టుకు చేరింది. ఆలస్యాన్ని మన్నించమని వేసిన పిటిషన్‌లో "పరిపాలనా కారణాల వల్ల" అన్న ఒక్క ముక్క తప్ప ఏమీ లేదు. కొట్టేశారు. ఆవిడ ముఖం నాకు ఇప్పటికీ గుర్తొస్తుంది. ఆ రోజు నుంచి ఎవరికీ "ప్రభుత్వం చూసుకుంటుంది" అన్న మాట చెప్పడం మానేశాను.

కాబట్టి మీరే ఆ ఫైలును కదిలించాలి. ఒక అర్జీ రాయండి. ఒక కాపీ పీపీ గారికి, ఒకటి జిల్లాలోని ప్రాసిక్యూషన్ డిప్యూటీ డైరెక్టర్‌కు, ఒకటి రాష్ట్ర ప్రాసిక్యూషన్ల డైరెక్టర్‌కు, ఒకటి హోం శాఖ ముఖ్య కార్యదర్శికి. చేతికిస్తే రసీదు ముద్ర వేయించుకోండి, పోస్టులో అయితే రిజిస్టర్డ్‌గా పంపండి. బీఎన్‌ఎస్‌ఎస్ 20వ సెక్షన్ ప్రకారం పదేళ్లు, అంతకుమించి శిక్ష పడే నేరాల కేసులను పర్యవేక్షించడం, అప్పీలు వేయాలా వద్దా అన్న అభిప్రాయం ఇవ్వడం ప్రాసిక్యూషన్ డైరెక్టర్ విధుల్లోనే ఉంది. అంటే మీరు దయ అడగడం లేదు, చట్టం ఆయనకు అప్పగించిన పని చేయమంటున్నారు. అర్జీలో ఆ సెక్షన్ నంబరు రాయండి.

అర్జీలో ఏం రాయాలన్నది అంతకన్నా ముఖ్యం. మా అన్నయ్య చాలా మంచివాడు, మా కుటుంబం వీధిన పడింది అని నాలుగు పేజీలు రాస్తే చదివేవాళ్లకు కళ్లు తడుస్తాయేమో గానీ ఫైలు మీద సంతకం పడదు. శిక్ష పెంచాలా వద్దా అన్నప్పుడు పై కోర్టు "నేనైతే ఎంత వేసేవాడిని" అని చూడదు. కింది జడ్జి తన విచక్షణను సరిగ్గా వాడారా లేదా అన్నదే చూస్తుంది. చూడాల్సింది చూడకుండా వదిలేశారా? చూడకూడనిదానికి బరువిచ్చారా? నేరానికీ శిక్షకూ పొంతనే లేకుండా పోయిందా? వీటిలో ఏదో ఒకటి తీర్పులోంచే చూపించగలగాలి.

ఇది ఎంత గట్టి నియమమో తెలియాలంటే 1955 నాటి ఒక సుప్రీంకోర్టు తీర్పు చెబుతాను. అది కూడా 304 కేసే. సెషన్స్ కోర్టు మూడేళ్లు వేసింది, హైకోర్టు పదేళ్లకు పెంచింది. సుప్రీంకోర్టు హైకోర్టు తీర్పు కొట్టేసి మళ్లీ మూడేళ్లే ఖాయం చేసింది. కింది కోర్టు పద్ధతి ప్రకారం విచక్షణ వాడినప్పుడు, చాలా బలమైన కారణాలు తీర్పులో కనబడేలా చూపిస్తే తప్ప శిక్ష పెంచకూడదంది. మీ ప్రత్యర్థి లాయరు ఈ తీర్పునే తెస్తారు. నేను అటువైపు ఉన్నప్పుడు నేనూ తెచ్చాను.

ఇంకో వైపు 2000లో కర్ణాటక కేసు ఒకటి ఉంది. ఏడెనిమిదేళ్ల పాపపై అత్యాచారం. సెషన్స్ కోర్టు పదేళ్లు వేస్తే హైకోర్టు నాలుగుకు తగ్గించింది. ముద్దాయి చదువురానివాడు, తాగుడుకు బానిస, తల్లీ భార్యాపిల్లలూ అతని మీదే ఆధారపడ్డారు అన్నవి హైకోర్టు చెప్పిన కారణాలు. ప్రభుత్వం అప్పీలు వేసింది. శిక్ష తగ్గించడానికి ఇవి కారణాలే కావని సుప్రీంకోర్టు ఆ పదేళ్లను తిరిగి నిలబెట్టింది. ఈ రెండు తీర్పులనూ పక్కపక్కన పెట్టుకుని చూస్తే కోర్టు ఎక్కడ కదులుతుందో, ఎక్కడ కదలదో అర్థమవుతుంది. 2019లో జస్టిస్ ఎన్.వి. రమణ గారి ధర్మాసనం శిక్ష ఎలా నిర్ణయించాలో చెబుతూ మూడు పరీక్షలు పెట్టింది. నేరం ఎలా జరిగింది, చేసిన వ్యక్తి ఎలాంటివాడు, ఇలాంటి ఇతర కేసులతో పోలిస్తే శిక్ష ఎలా ఉంది. మొదటి పరీక్షలో ఆయుధం, ముందస్తు ఆలోచన, బాధితుడి నిస్సహాయ స్థితి లాంటివి వస్తాయి. మీ జడ్జి గారు రాసిన కారణాలన్నీ రెండో పరీక్షకు చెందినవే. వయసు, మొదటి తప్పు, తల్లిదండ్రులు. మొదటిదాని ఊసే మీరు రాసిన కారణాల్లో లేదు.

ఇక్కడే మీరు రాసిన ఒక వాక్యం నన్ను ఆపింది. "ఇంటికి వెళ్లి గొడ్డలి తెచ్చి." ఇది సాక్షుల నోట కోర్టులో వచ్చిందా? వస్తే ఏ సాక్షి, పీడబ్ల్యూ (ప్రాసిక్యూషన్ సాక్షి) నంబరు ఎంత? క్రాస్ ఎగ్జామినేషన్‌లో నిలబడిందా? జడ్జి గారు తీర్పులో దాన్ని నమ్మినట్టు రాశారా? ఈ నాలుగు ప్రశ్నలకు జవాబు అవును అయితే మీ చేతిలో బలమైన ఆధారం ఉన్నట్టే. క్షణికావేశంలో చేతికందింది విసరడం వేరు. ఇంటిదాకా నడిచి, గొడ్డలి ఎత్తుకుని, మళ్లీ పొలందాకా నడిచి రావడం వేరు. ఆ దారిలో ఆగిపోవడానికి అతనికి ప్రతి అడుగులోనూ అవకాశం ఉంది. రెండో దెబ్బ మీ అన్నయ్య కింద పడ్డాక పడిందా అన్నది కూడా చూడండి. పోస్టుమార్టం రిపోర్టులో గాయాల లోతు, అవి ఒంటి మీద ఎక్కడున్నాయి, డాక్టరు గారు కోర్టులో ఏం చెప్పారు, ఇవన్నీ రాసుకోండి.

ఇప్పుడు సెక్షన్ నంబరు సంగతి. మీ కేసులో చార్జి 302, అంటే హత్య. దానికి ఉరి లేదా యావజ్జీవం తప్ప వేరే శిక్ష లేదు. కోర్టు శిక్షించింది 304 పార్ట్ 2 కింద. దానికి గరిష్ఠం పదేళ్లు, కనిష్ఠం లేదు. మధ్యలో 304 పార్ట్ 1 ఉంది, దానికి యావజ్జీవం దాకా వెళ్లవచ్చు. చంపాలన్న ఉద్దేశం ఉంటే పార్ట్ 1, చనిపోవచ్చని తెలిసి చేస్తే పార్ట్ 2 అని స్థూలంగా తేడా. అంటే మీ కేసులో జరిగింది కేవలం శిక్ష తగ్గడం కాదు, నేరమే తగ్గింది. "తక్కువ నేరం కింద శిక్షించడం" అన్నది ప్రొవైజోలో ఉన్న రెండో సందర్భం. ఈ కారణంతో హైకోర్టుకు నేరుగా అప్పీలు వేసే హక్కు మీ కుటుంబానికి ఉంది, ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఆకస్మిక గొడవలో ఆవేశంతో జరిగితే అది హత్య కిందికి రాదన్న మినహాయింపును మీ జడ్జి గారు వాడి ఉంటారు. గొడ్డలి కోసం ఇంటికి వెళ్లి వచ్చాడన్న సాక్ష్యం ఉంటే ఆ మినహాయింపు నిలవడం కష్టం. హైకోర్టు దాన్ని 302 చేస్తే యావజ్జీవానికి తక్కువ వేయలేదు. పార్ట్ 1 చేసినా నాలుగేళ్ల దగ్గర ఆగాల్సిన పని లేదు.

ఈ అప్పీలు ఎవరి పేరు మీద వేయాలన్నది జాగ్రత్తగా చూసుకోండి. "బాధితుడు" అంటే నష్టపోయిన వ్యక్తి, ఆయన సంరక్షకుడు, చట్టబద్ధ వారసులు. మీ అన్నయ్యకు హిందూ వారసత్వ చట్టం ప్రకారం మొదటి తరగతి వారసులు మీ వదిన, బాబు, మీ అమ్మగారు. చెల్లెలుగా మీరు ఆ వరుసలో లేరు. కేసు కోసం తిరిగేది మీరే అని నాకు తెలుసు, నేను చూసిన కుటుంబాల్లో చాలావరకు ఇలాగే ఒక ఆడపడుచో ఒక తమ్ముడో భుజాన వేసుకుంటారు. కానీ వకాలత్ మీద వదిన, అమ్మ సంతకాలు పెట్టించండి. మీ పేరుతో వేస్తే అప్పీలు వేయడానికి మీకు అర్హతే లేదన్న వాదనతోనే ఏడాది గడిచిపోతుంది. బాధితుల అప్పీలుకు లిమిటేషన్ చట్టంలో విడిగా గడువు రాయలేదు, అందుకే నేను ఎప్పుడూ 60 రోజుల్లోపే వేయిస్తాను.

దీంతోపాటు ఇంకో దారి ఉంది, రివిజన్. కింది కోర్టు తీర్పు, శిక్ష సరైనవో కావో హైకోర్టు రికార్డులు తెప్పించుకుని చూడవచ్చు. సీఆర్‌పీసీలో 397, 401 సెక్షన్లు, బీఎన్‌ఎస్‌ఎస్‌లో 438, 442. ఈ అధికారంతో హైకోర్టు శిక్ష పెంచగలదు, ముద్దాయికి నోటీసిచ్చి వాదన వినాలి అంతే. గడువు 90 రోజులు. అప్పీలు హక్కు ఉండి కూడా వాడుకోనివాళ్ల రివిజన్‌ను తీసుకోరు. కానీ శిక్ష చాలలేదన్న కారణానికి మీకు అప్పీలు హక్కే లేదు కాబట్టి ఆ అడ్డంకి మీకు రాదు. నేనైతే మీ కేసులో రెండూ వేస్తాను. నేరం స్థాయి మీద అప్పీలు, ఒకవేళ 304 పార్ట్ 2 నిలిచినా నాలుగేళ్లు చాలవని రివిజన్. రెండూ కలిపి వినమని అడుగుతాను.

రివిజన్ గానీ ప్రభుత్వ అప్పీలు గానీ అసలు ఎందుకు, ముద్దాయి ఎలాగూ హైకోర్టుకు వెళ్తాడు కదా, అప్పుడు హైకోర్టే చూసి పెంచుతుందిలే అని మీకు ఎవరైనా చెప్పవచ్చు. నమ్మకండి. ముద్దాయి తన అప్పీలు తాను వేసుకున్నప్పుడు అందులో అతని శిక్ష పెంచకూడదన్నది పాత సూత్రం. అటువైపు నుంచి ఎవరూ అప్పీలు గానీ రివిజన్ గానీ వేయనప్పుడు, ముద్దాయి అప్పీలులోనే హైకోర్టు తనంతట తాను రివిజన్ అధికారం వాడి అతని పరిస్థితిని ఇంకా దిగజార్చడం తగదని 2025లో తమిళనాడు నుంచి వచ్చిన కేసులో సుప్రీంకోర్టు మళ్లీ స్పష్టం చేసింది. మీరు కాగితం వేయకపోతే, శిక్ష తక్కువని జడ్జి మనసులో అనిపించినా చేతులు కట్టేసినట్టే.

ఇది ఊహించి చెబుతున్నది కాదు. 2006 నవంబర్‌లో ముంబై కార్టర్ రోడ్డులో ఒక కారు ఫుట్‌పాత్ మీద పడుకున్న కూలీల మీదికి ఎక్కింది. ఏడుగురు చనిపోయారు, ఎనిమిది మంది గాయపడ్డారు. కింది కోర్టు నిర్లక్ష్యం కేసుగా చూసి ఆరు నెలలు, ఐదు లక్షల జరిమానా వేసింది. జనం భగ్గుమన్నారు. బాంబే హైకోర్టు తనంతట తానే కేసు తెరిచింది, ప్రభుత్వమూ అప్పీలు వేసింది. హైకోర్టు దాన్ని 304 పార్ట్ 2గా మార్చి మూడేళ్లు వేసింది. 2012లో సుప్రీంకోర్టు ఆ మూడేళ్లను ఖాయం చేస్తూ, ఈ నేరానికి ఇది చాలా తక్కువని తన తీర్పులోనే రాసింది. కానీ మూడేళ్ల మీద పెంచమని ప్రభుత్వం అప్పీలుకు రాలేదు కాబట్టి ఆ విషయంలోకి వెళ్లబోమంది. తక్కువని కోర్టే అన్నాక కూడా పెంచలేకపోవడం చూశారా? ఒక కాగితం లేనందుకు.

పట్టు వదలని కుటుంబం ఏం చేయగలదో కూడా చెబుతాను. 1988 డిసెంబర్ 27న పాటియాలాలో రోడ్డు మీద గొడవలో 65 ఏళ్ల వ్యక్తి దెబ్బలు తిని చనిపోయారు. నిందితుడు క్రికెటర్ నవజ్యోత్ సింగ్ సిద్ధూ. 1999లో కింది కోర్టు వదిలేసింది, 2006లో హైకోర్టు మూడేళ్లు వేసింది, 2018 మేలో సుప్రీంకోర్టు దాన్ని మామూలు గాయం కేసుగా మార్చి వెయ్యి రూపాయల జరిమానాతో సరిపెట్టింది. తీర్పును మళ్లీ చూడమని కుటుంబం రివ్యూ పిటిషన్ వేసింది. 2022 మే 19న అదే సుప్రీంకోర్టు శిక్షను ఏడాది కఠిన కారాగారానికి పెంచింది. కారణం చూడండి. బాక్సరు, పహిల్వాను, క్రికెటరు లాంటి దృఢమైన మనిషి చేయి కూడా ఆయుధమే అవుతుందన్న సంగతిని శిక్ష వేసేటప్పుడు లెక్కలోకి తీసుకోలేదని. కొత్త సాక్ష్యం ఏమీ రాలేదు. రికార్డులో ఉన్నదాన్నే శిక్ష నిర్ణయించేటప్పుడు వదిలేశారని చూపించారు, అంతే. మీ కేసులో ఇంటికి వెళ్లి తెచ్చిన గొడ్డలి కూడా అలాంటిదే.

ఇప్పుడు మీకు నచ్చని విషయం ఒకటి చెప్పాలి. శిక్ష పెంచమని ప్రభుత్వం అప్పీలు వేస్తే, నోటీసు అందుకున్న ముద్దాయి "అసలు నేను నేరమే చేయలేదు, వదిలేయండి" అని కూడా వాదించవచ్చు. చట్టంలోనే ఆ వీలు రాసి ఉంది. కోర్టు నమ్మితే శిక్ష పెరగడం మాట అటుంచి మొత్తం పోతుంది. కాబట్టి సాక్ష్యం బలహీనంగా ఉన్న కేసుల్లో నేను కుటుంబాలకు ఆగమనే చెప్పాను, వాళ్లు నన్ను తిట్టుకుని ఉంటారు. మీ కేసులో ప్రత్యక్ష సాక్షులు ఉన్నారు, గొడ్డలి దొరికింది అయితే ఆ భయం తక్కువ. అయినా హైకోర్టు లాయరు చేత మొత్తం సాక్ష్యం చదివించకుండా అడుగు వేయవద్దు. తీర్పు ఒక్కటే చదివి ధైర్యం చెప్పే లాయరును నమ్మకండి, డిపాజిషన్లు, అంటే కోర్టులో సాక్షులు చెప్పిన వాంగ్మూలాలు, అన్నీ అడిగే లాయరును పట్టుకోండి.

ముద్దాయి ఈపాటికి అప్పీలు వేసి శిక్ష నిలుపుదల చేయించుకుని బెయిలు మీద బయటికి వచ్చే ప్రయత్నంలో ఉంటాడు. నాలుగేళ్ల శిక్ష కాబట్టి అది దొరకవచ్చు కూడా. అతను ఊళ్లో కనిపిస్తే అంతా అయిపోయిందని అమ్మ కుంగిపోకుండా ముందే చెప్పి ఉంచండి. బెయిలు వచ్చినంత మాత్రాన శిక్ష రద్దయినట్టు కాదు. ఆ బెయిలు పిటిషన్‌లో మీ లాయరు కూడా నిలబడి మాట్లాడమని అడగవచ్చు. 2022 ఏప్రిల్‌లో లఖీంపూర్ ఖేరీ కేసులో సుప్రీంకోర్టు, బాధితులకు కేసులో ప్రతి దశలోనూ తమ మాట వినిపించుకునే హక్కు ఉందని చెప్పింది. సాక్షులను బెదిరించినా, మీ ఇంటి ముందు తిరిగినా వెంటనే తేదీతో రాసి పోలీసులకు ఇచ్చి రసీదు తీసుకోండి. నోటితో చెప్పిన ఫిర్యాదు కోర్టులో ఎందుకూ కొరగాదు.

రాజీకి పెద్దమనుషులు వస్తారు. వదినకు ఇంత, బాబు చదువుకు ఇంత అంటారు. పేదరికంలో ఉన్నవాళ్లు ఆ డబ్బు తీసుకుంటే నేను తప్పు పట్టను. కానీ "మాకు అభ్యంతరం లేదు" అన్న అఫిడవిట్ మీద సంతకం పెట్టిన రోజునే మీ అప్పీలు బలం సగం పోతుంది. బాబు భవిష్యత్తుకు డబ్బు కావాలంటే దానికి చట్టబద్ధమైన దారి వేరే ఉంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు బాధితుల పరిహార పథకం కింద దరఖాస్తు పెట్టండి. సీఆర్‌పీసీలో 357ఎ, బీఎన్‌ఎస్‌ఎస్‌లో 396. దీనికి శిక్షతో సంబంధం లేదు, ముద్దాయితో బేరమూ లేదు. లాయరు ఫీజు కష్టమైతే అదే సంస్థలో ఉచిత న్యాయ సహాయం కూడా అడగండి. ఆడవాళ్లకు ఆదాయ పరిమితి చూడకుండా ఇస్తారు. హైకోర్టు స్థాయిలోనూ ఆ ఏర్పాటు ఉంది.

హైకోర్టులో కూడా అన్యాయమే జరిగితే సుప్రీంకోర్టు ఉంది. అక్కడ రాజ్యాంగం 136వ అధికరణ కింద ప్రత్యేక అనుమతి అడగవచ్చు. 1979లో తమిళనాడు హత్య కేసు ఒకటి అలాగే వెళ్లింది. హైకోర్టు నిర్దోషిగా వదిలేస్తే ప్రభుత్వం అప్పీలు వేయలేదు, చనిపోయిన వ్యక్తి సోదరుడు సొంతంగా సుప్రీంకోర్టుకు వెళ్లి శిక్ష వేయించాడు. మరుసటి ఏడాది రాజ్యాంగ ధర్మాసనం అది సరైనదేనంది. అక్కడ తోబుట్టువు వారసుల వరుసలో లేరన్నది అడ్డు కాలేదు.

మన దగ్గర ఎలా ఉండాలో నేను కోరుకునే పద్ధతి ఇంగ్లండ్‌లో ఒకటి ఉంది. 1988 నాటి చట్టం ప్రకారం, క్రౌన్ కోర్టు తీవ్ర నేరానికి వేసిన శిక్ష మరీ తక్కువనిపిస్తే అటార్నీ జనరల్ దాన్ని అప్పీలు కోర్టుకు పంపవచ్చు. అలా చూడమని ఆయన్ను అడగడానికి బంధువే కానక్కర్లేదు, ఎవరైనా అడగవచ్చు. 28 రోజుల్లో ఆ పని జరగాలి. నిర్ణయం ప్రభుత్వ న్యాయాధికారి చేతిలోనే ఉంటుంది, కాబట్టి పగతో వేసే కేసులు కోర్టుల మీద పడవు. కానీ అడిగే తలుపు ఒకటి ఉందని అందరికీ తెలుసు. మన దగ్గర మీ అర్జీ ఏ బల్ల మీద ఆగిందో తెలుసుకోవడానికే మీరు నాలుగు ఆఫీసులు తిరగాలి. శిక్షలకు కచ్చితమైన మార్గదర్శకాలు కావాలని 2003లో మళీమఠ్ కమిటీ చెప్పింది. ఇన్నేళ్లయినా రాలేదు. ఒకే రకం నేరానికి ఒక కోర్టులో నాలుగేళ్లు, పక్క కోర్టులో తొమ్మిదేళ్లు పడుతున్నాయంటే ఇదొక కారణం.

సరే, మీ పనికి వద్దాం. సర్టిఫైడ్ కాపీతోపాటు సాక్షుల వాంగ్మూలాలు, పోస్టుమార్టం రిపోర్టు, చార్జిషీటు కాపీలకు కూడా అప్లికేషన్ పెట్టండి. ఒక రాత్రి కూర్చుని తీర్పులో గొడ్డలి అన్న మాట వచ్చిన ప్రతి పేరా పక్కన పెన్సిల్‌తో గీత పెట్టండి. తర్వాత శిక్ష గురించి రాసిన పేరా తీసి అందులో ఆ మాట ఉందో లేదో చూడండి. లేకపోతే మీ అర్జీ మొదటి వాక్యం అదే. పేరా నంబర్లు, సాక్షి నంబర్లతో రెండు పేజీలు మించకుండా రాయండి. నాకు తెలిసిన ఒక కేసులో "అప్పీలు అక్కర్లేదు" అని రాసిన పీపీ ఒక వితంతువు ఇలా పేరా నంబర్లతో తెచ్చిన కాగితం చూసి మళ్లీ తీర్పు తెరిచారు, తన అభిప్రాయం మార్చి రాశారు.

మీ సర్టిఫైడ్ కాపీ చేతికొచ్చాక ఒకటి చూసి చెప్పండి. గొడ్డలి కోసం ఇంటికి వెళ్లి రావడానికి ఎంతసేపు పట్టిందని ఏ సాక్షయినా చెప్పారా? ఇంటికీ పొలానికీ మధ్య దూరం దర్యాప్తు అధికారి స్కెచ్‌లో ఉందా? ఈ రెండూ ఉంటే అప్పీలులో మొదటి కారణం ఎలా రాయాలో నేను విడిగా చెబుతాను.